డిఫరెన్షియల్ కూత

"ఏది కావాలో మీరు చెప్పకండి. కారు ఎక్కడ నడుపుతారో చెప్పండి చాలు," అంది మెకానిక్, చేతులు తుడుచుకుంటూ.

పళ్ళ డాక్టరుకు ఒళ్ళు మండింది. నెల రోజులు పుస్తకాలు తిరగేసి మరీ వచ్చాడు. మేనమామ ఇచ్చిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు అది. వానలో మలుపు తిప్పితే వెనక చక్రం ఒకటి గిర్రున తిరుగుతుంది, కారు మాత్రం కదలదు. చక్రాలకు ఇంజిను బలం పంచే డిఫరెన్షియల్ మామూలుదైతే, ఆ బలమంతా జారే చక్రానికే ధారపోస్తుంది. లిమిటెడ్ స్లిప్ రకమైతే నేలను పట్టుకున్న చక్రానికీ వాటా ఇస్తుంది.

"లిమిటెడ్ స్లిప్‌లో ప్లేట్ల రకం వేయండి. రేసు కార్లకి అదే వేస్తారు."

"మీరు రేసులకి వెళ్తారా?"

"క్లినిక్‌కి వెళ్తాను."

"పార్కింగ్‌లో తిప్పినప్పుడల్లా టకటకా కొట్టుకుంటుంది. మీ పేషెంట్లు అసలే బిక్కుబిక్కుమంటూ వస్తారు కదండీ!"

మూలన కార్బురేటర్ విప్పుతున్న ఆమె నాన్న కిసుక్కున నవ్వాడు. నిశ్శబ్దంగా పనిచేసే గేర్ల రకం ఖాయమైంది.

పని జరిగిన నాలుగు రోజులూ డాక్టరు సాయంత్రం కాగానే వచ్చేవాడు. ఆమె అతని చేతికి లైటు ఇచ్చి, గేర్ల పళ్ళ మధ్య సందు గేజ్‌తో కొలిచేది.

"పళ్ళ సందులు చూడ్డం నా పని," అన్నాడతను.

"మీ దగ్గర తేడా వస్తే పన్ను ఊడుతుంది. ఇక్కడ తేడా వస్తే చక్రాలు బిగుసుకుపోతాయి. లైటు కదపకండి."

కారు బయటికొచ్చింది. తడి రోడ్డు మీద ఉడుంపట్టు పట్టింది. కానీ వేగం అందుకోగానే వెనకనుంచి సన్నగా కూత. ఇంతకుముందు లేనిది. డాక్టరు ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం షెడ్డు మూసే వేళకు వాన పట్టుకుంది. అటుగా వచ్చిన డాక్టరు ఇంటి దగ్గర దింపుతానన్నాడు. ఆమె ఎక్కింది. రెండు వీధులు దాటాక ఆమె ముఖం మారిపోయింది.

"ఆపండి. ఈ కూత ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"షెడ్డు మీ చేతికిచ్చాక ఇదే మొదటి పనని మీ నాన్నగారు అన్నారు. అందులో తప్పుందని..."

"తప్పు నాదే. గేర్ల సందు సర్దే షిమ్ రేకులు పాతవే సరిపోతాయనుకుని ఆఖర్న మళ్ళీ కొలవలేదు. అది సరే, దారిలో గేర్లు పట్టేసి ఉంటే? మీకేమన్నా..." ఆమె అద్దం మీద వాన వైపు చూస్తూ కూర్చుంది.

కారు వెనక్కి తిప్పించి, నాన్న ముందు నిలబడి జరిగింది చెప్పింది. ఆయన పానా తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"నేనైతే నీ వయసులో ఒప్పుకునేవాణ్ణి కాదు. విప్పు, మళ్ళీ కొలువు."

రెండు రోజులు పట్టింది. పరీక్షకు ఇద్దరూ వెళ్ళారు. ఊరు దాటినా ఇంజిను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఇక మీరు రానక్కర్లేదు," అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"పని లేకుండా రాకూడదా?"

"షెడ్డుకా? వద్దు."

డాక్టరు కారు పక్కకు తీసి ఆపాడు. "తప్పు దాచినందుకు కోపమా? ఇంకేదీ దాచను. మీరంటే నాకు ఇష్టం."

ఆమె ఇటు తిరిగింది. "ఆదివారం ఇంటికి రండి. మీరొస్తారని నాన్నకి పొద్దున్నే చెప్పేశాను."