పత్తి గదిలో క్లాసు

కరోనా ఏడాది కార్తీకంలో, అచ్చంపేటకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊర్లో, నిరోష వాళ్ళింట్లో మనుషుల కంటే పత్తికే ఎక్కువ జాగా ఉండేది. అమ్మే దినం వచ్చేదాకా ఉండనీ అని వాళ్ళ బాపు ఏరిన పత్తినంతా వెనక గదిలో పోయించాడు. నేల నుంచి వెంటిలేటర్ సగం దాకా తెల్లటి గుట్ట. మూలకు చాప పరిచేంత సందు మిగిలింది. ఫోన్‌కు సిగ్నల్ అందేది ఆ సందులోనే. మిగతా ఇల్లంతా తిరిగినా ఒక్క గీత రాదు. కాబట్టి ఇంటర్ రెండో సంవత్సరం చదివే నిరోషకు ఆ ఏడు కాలేజీ అంటే ఆ సందే.

మొదట్లో ఆ చదువు ఆమెకు బాగా నచ్చింది. నిజం చెప్పాలంటే కాలేజీ కంటే ఎక్కువే నచ్చింది. బస్సు కోసం ఉరకడం లేదు, వెనక బెంచీల ఈలలు లేవు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే, ఫిజిక్స్ చెప్పే గుర్వయ్య సార్ తన ఒక్కదాని చెవిలోనే చెబుతున్నట్టు ఉండేది. అర్థం కానిది సాయంత్రం రికార్డింగ్ పెట్టుకుని మళ్ళీ వినొచ్చు. పైగా పత్తి చప్పుడును తాగేస్తుంది. ఆ గదిలో కూర్చుంటే వాకిట్లో ట్రాక్టర్ వచ్చి ఆగినా తెలియదు. మనసు నిలుపుకోవడానికి ఇంతకంటే మంచి జాగా పాలమూరంతా వెతికినా దొరకదనుకుంది.

నెల తిరిగేసరికి మనసు జారడం మొదలైంది. ఇరవై నిమిషాలు బాగానే ఉండేది. ఆ తర్వాత సార్ గొంతు పిండిమర చప్పుడులా మారేది. బొటనవేలు దానంతట అదే పోయి గాజుల వీడియోల మీదో, మిర్చి బజ్జీల వీడియోల మీదో వాలేది. చెవి మెలేసే చెయ్యి ఎదురుగా ఉండదు కదా. వింటున్నట్టు మొహం పెడితే చాలు.

గుర్వయ్య సార్‌కు ఈ సంగతి తెలియక కాదు. అందుకే ఆయనొక పద్ధతి పెట్టాడు. పాఠం నడుమ ఉన్నట్టుండి ఒక పేరు పిలిచి, "నేనిప్పుడేం చెప్పిన?" అంటాడు. ఆయన ఆఖరున చెప్పిన నాలుగు మాటలు పొల్లు పోకుండా అప్పజెప్పాలి. మూడుసార్లు తప్పితే క్లాసులోంచి పేరు తీసేస్తాడు. తీసేసిన పేరు మళ్ళీ ఎక్కించిన దాఖలా లేదు.

నిరోష అప్పటికే రెండుసార్లు తప్పింది.

"ఇంకోసారి గిట్లయిందంటే ఫోను నీ తమ్మునికిస్త," అంది వాళ్ళమ్మ నిర్మలమ్మ. "నువ్వు నడుముకు సంచి కట్టుకొని చేన్ల పడు. సదువుల ధ్యాస లేనోళ్ళకు పత్తి ఏరుడే దిక్కు. నన్ను జూడు, ఏ సారన్న నా పేరు పిలుస్తున్నడా?"

"ధ్యాసతోనే వింటున్న అమ్మా."

"ఆఁ, విన్నవ్. నిన్న గాజుల ముచ్చట నాగ్గూడ వినొచ్చింది."

ఆ గదికి లోపల గడియ లేదు. గింజలు పోసుకునే గదికి లోపల గడియెందుకు? నల్లమల దిగి వచ్చే కోతులు దసరా ముందు ఒకసారి చాప మీది ఫోన్‌ను గుంజుకుపోబోయాయి. అప్పటి నుంచి నిర్మలమ్మ చేనుకు పోతూ బయట గడియ పెట్టి, పన్నెండింటికి బువ్వకు వచ్చినప్పుడు తీసేది. మంచి ఏర్పాటే అనుకున్నారు అందరూ. నిరోష కూడా.

ఆ సోమవారం నిరోషకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆదివారమంతా చేన్లో వంగి ఏరిందేమో, నడుము విరిగిపోతోంది. స్క్రీన్ మీద నలభై చిన్న గళ్ళు, గడికో మొహం. కింది మూలన తన మొహం. సార్ ఏ క్షణాన పిలుస్తాడో తెలియదు. పిలిస్తే ఇదే మూడోసారి.

కూలీలు దొరకని రోజుల్లో ఆ ఊరి ఆడవాళ్ళు ఒకరి చేనుకు ఒకరు బదులు పోతారు. ఇవాళ నువ్వు నా చేన్లో ఏరు, రేపు నేను నీ చేన్లో ఏరుతా. నోటి మాటే తప్ప వేరే ఏమీ ఉండదు. వాళ్ళు ఎన్నొద్దులు, అంటే ఎన్ని దినాలు, వస్తే మనం అన్నొద్దులు పోవాలి. జ్వరమొచ్చినా పోవాల్సిందే. పుట్టిన కాడినుంచి ఆ మాటలు వింటూ పెరిగిన పిల్ల కదా, నోటికి అవే వచ్చాయి. మైక్ ఆపి, గడిలోని తన మొహాన్నే చూస్తూ అంది.

"నా బదులు జర నువ్వు కూసోరాదూ. నీ పనున్ననాడు నేనొస్త తియ్."

గడిలోని మొహం నవ్వింది. తను నవ్వింది కాబట్టే అనుకుంది. పత్తి మీదికి ఒరిగింది.

మెలకువ వచ్చేసరికి చెవిలో సార్ గొంతు. "శభాష్ నిరోషా! చూసిండ్రా, ధ్యాస అంటే గట్ల ఉండాలె."

సాయంత్రం స్నేహలత ఫోన్ చేసింది. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న దోస్తు. "ఏం తింటున్నవే నువ్వు? సార్ చెప్పిందంత దగ్గుతోని సహా అప్పజెప్పినవ్!"

"నేనా?"

"కాదు, మీ ఇంట్ల బర్రె. నువ్వు గాక ఎవ్వలే?"

"దగ్గేందే?"

"సార్ నడుమల దగ్గిండు గదా. నువ్వు గూడ సరిగ్గ ఆన్నే దగ్గినవ్. అందరం పడి పడి నవ్వినం. నువ్వొక్కదానివే నవ్వలే."

నిద్రలో మాట్లాడిన గుర్తు నిరోషకు లేదు. కానీ పేరు నిలిచింది. అది చాలనుకుంది.

మంగళవారం అడగకుండానే ఒరిగి పడుకుంది. మళ్ళీ శభాష్.

బుధవారం నిద్ర రాలేదు. గాజుల వీడియో చూస్తూ చూస్తూ, ఎందుకో క్లాసు వైపు వచ్చి కింది మూలకు చూసింది. తన తల ఫోన్ మీదికి వంగి ఉంది. గడిలోని తల నిటారుగా ఉంది. పత్తి దురదకు మెడ గోక్కుంది. గడిలో చేతులు కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకుంది. కానీ ఆ కళ్ళు రెప్ప వేస్తున్నాయి. నెమ్మదిగా... సార్ మాట ఆపిన చోటల్లా ఒకసారి.

గురువారం పొద్దున తల్లి కొంగు పట్టుకుంది. "అమ్మా, ఇయ్యాల నేను గూడ చేనుకొస్త."

"ఏందే కొత్త వేషం? సార్ మెచ్చుకున్నడని మీ బాపు ఊరంత చెప్పుకున్నడు. సప్పుడు చెయ్యక కూసో."

గడియ పడింది.

ఆ రోజు నిరోష ఒక్క మాట వదల్లేదు. ఒరగలేదు, వీడియోల వైపు పోలేదు. కింది మూలకు మాత్రం చూడలేదు. రెండు గంటలు సార్ మొహం మీదే చూపు నిలిపి కూర్చుంది. బతుకులో ఎప్పుడూ అంత శ్రద్ధగా పాఠం విన్నది లేదు. "ఇయ్యాల్టికి చాలు," అన్నాడు సార్. గళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి. స్నేహలత చెయ్యి ఊపి పోయింది. సార్ పోయాడు.

ఒక్క గడి మిగిలింది. అది పెద్దదై స్క్రీన్ నిండింది.

ఎర్ర బటన్ నొక్కింది. పోలేదు. మళ్ళీ నొక్కింది. ఆ మొహం కొంచెం దగ్గరికి వంగింది. దాని వెనక పత్తి గుట్ట కనిపించాలి. లేదు. వెనకంతా నలుపు.

"మూడొద్దులు కూసున్న," అంది చెవిలో తన గొంతే.

నిరోష ఇయర్‌ఫోన్లు పీకి పారేసింది. గుసగుస ఆగలేదు.

"ఇగ నువ్వు రా."

ఫోన్‌ను చాప మీద బోర్లించి తలుపు దగ్గరికి ఉరికింది. రెండు చేతులతో బాదింది. గట్టి టేకు తలుపు... చప్పుడు రాలేదు. దిండును కొట్టినట్టుంది. అంతలో బయట గాజుల గలగల. అమ్మ. బువ్వకు వచ్చింది.

"నిరోషా, అయిపోయిందా?"

"అమ్మా! గడియ తియ్! జల్ది తియ్యమ్మా!"

కానీ ఆ అరుపు తన చెవులకే వినిపించలేదు. వెనక నుంచి, బోర్లించిన ఫోన్ కింది నుంచి, తన గొంతే నెమ్మదిగా పలికింది.

"ఇంక అయితాంది అమ్మా. సార్ ఇంకో పాఠం చెప్తుండు. నువ్వు తినిపో."

"ఎంత సదువే తల్లీ! సరే, కూసో. పొద్దుమీకి వస్త."

నిరోష తలుపు సందుకు నోరు ఆనించి అరిచింది. నోటి నిండా ఏదో మెత్తగా అడ్డు పడింది. వేలితో లాగింది. పత్తి. లాగిన కొద్దీ వస్తోంది. ఇంకా వస్తోంది... గాజుల గలగల దూరమైంది. వాకిలి దాటింది. ఆగిపోయింది.

ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవడానికి వచ్చింది. అది చస్తే ఈ పీడ పోతుంది. అదొక్కటే ఆశ. తలుపుకు వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని, ఫోన్ అంచు కింద మెరిసే సన్నటి వెలుగునే చూస్తూ కూర్చుంది. పురుగుమందు వాసన, ఎండిన కాయల వాసన, ఎలుకల వాసన. ఊపిరి పీలిస్తే నూగు ముక్కులోకి పోతోంది. ఎంత సేపో.

వెలుగు పోయింది.

"హమ్మయ్య," అనుకుంది. పైకి చూసింది. మిట్టమధ్యాహ్నం దాటిన పొద్దు కదా, వెంటిలేటర్ లోంచి వెలుగు రావాలి.

రాలేదు. పొద్దున సగం దాకానే ఉన్న పత్తి... ఇప్పుడు దాన్ని పూర్తిగా మూసేసింది.

చెయ్యి చాపింది. చాప అందలేదు, పత్తి అందింది. పక్కకు చాపింది. పత్తి. అంతా నల్లగా, వెచ్చగా ఉంది. ఆ పత్తి లోపలి నుంచి ఎవరో పాఠం చెబుతున్నారు. గుర్వయ్య సార్ గొంతు లాగే ఉంది. కానీ గుర్వయ్య సార్ ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకుంటాడు. ఈ గొంతు తీసుకోవడం లేదు. ఏం చెబుతోందో ఒక్క ముక్క తెలియడం లేదు.

"నిరోషా."

నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనిప్పుడేం చెప్పిన?"

వద్దు... పలకొద్దు... చెయ్యి తానే జారిపోయింది. నోరు తెరుచుకుంది. విననే వినని పాఠాన్ని, అర్థమే తెలియని మాటలను, నాలుక పొల్లు పోకుండా అప్పజెప్పింది.

ఎప్పటికో గడియ తీసిన చప్పుడు. తలుపు కిర్రుమంది. నిరోష దిగ్గున లేవబోయింది. కాళ్ళు కదల్లేదు. తలుపు తెరుచుకున్నది చెవికి తెలిసింది. కంటికి తెలియలేదు.

"ఏందే, పొద్దటి సంది గిట్లనే కూసున్నవా? కండ్లెంత ఎర్రగైనయ్. దా, బువ్వ తిందువు." అమ్మ గొంతు, రెండడుగుల దూరంలో.

"మస్తు ఆకలైతాంది అమ్మా." తన గొంతు.

పాదాల చప్పుడు, రెండు జతలు, గడప దాటింది.

"గడియ పెట్టమ్మా," గుర్తు చేసింది ఆ గొంతు. "కోతులొస్తయి."

గడియ పడింది.

నిరోష ఏడవలేదు. ఏడిస్తే నోట్లోకి పత్తి వస్తుందని భయం. తనకు తనే చెప్పుకుంది. మూడొద్దులే కదా. అది మూడొద్దులు కూర్చుంది, నేనూ మూడొద్దులు కూర్చుంటా. బదులు పోయినోళ్ళను ఎవరైనా ఉంచుకుంటారా? దినం కాగానే పంపించరా? పంపిస్తరు... పంపిస్తరు.

పాఠం మళ్ళీ మొదలైంది.

ఆమె వీపు వెనక, ఇందాక తలుపు ఆనిన, మనిషి పట్టే సందే లేని చోట, పత్తి కొద్దిగా కదిలింది. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

"ఎవరు?" అంది నిరోష పెదాలతోనే. "నిన్నెప్పుడు పంపిస్తరు?"

ఏడెనిమిదేళ్ళు కూడా ఉండని పిల్ల గొంతు విసుగ్గా గుసగుసలాడింది.

"అక్కా... జర తల వంచు. నాకు బోర్డు కనవడ్తలేదు."

నిరోష ముందుకు చూసింది. చీకటి తప్ప ఏమీ లేదు. అయినా తల వంచింది.

వెనక వరసలో ఇంకెవరో, ముసలి గొంతుతో, ఆ పిల్లతో అదే మాట అన్నారు.