రుచిసాక్షి దాలమ్మ

దగ్గరికి రండమ్మా, ఇంకొంచెం దగ్గరికి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు జరగండి. చేతిలో పని ఉంటే కానివ్వండి, చెవి మాత్రం ఇటు పెట్టండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

ఆ పొద్దున దాలమ్మ తొమ్మిదో కుళాయి దగ్గర ఉంది. ఎడమ చేత్తో కొంగు దోపుకుని, కుడి అరచేతిని గిన్నెలా చేసి కుళాయి కింద పట్టింది. నీళ్ళు నోట్లోకి తీసుకుని ముందు నాలుక కొసన ఆపింది, తరువాత పక్కలకు తిప్పింది, చివరికి అంగిలికి తాకించి మింగింది. మెడకు బిగించి ఉన్న గొంతుపట్టీ వెచ్చబడి, "రుచి?" అని అడిగింది.

"తీపి," అంది దాలమ్మ.

పట్టీ ఆ మాటను కాసేపు తనలో తాను నమిలి, నిజమేనని తేల్చుకుని టక్కుమని విచ్చుకుంది. కుళాయి నెత్తిన పచ్చదీపం వెలిగింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు బిందెలు ముందుకు జరిపారు. దాలమ్మ పట్టీని మళ్ళీ మెడకు బిగించుకుని పదో కుళాయి వైపు నడిచింది.

"అప్పా, నీళ్ళు తీపని సెప్తావు, మొకం మాత్రం ఏపాకు నమిలినట్టు పెడతావు," అని వరసలోంచి సూరీడమ్మ అంటే మిగతావాళ్ళు నవ్వారు. దాలమ్మ నవ్వలేదు. ఆ నీళ్ళు తియ్యగా ఉండటమే ఆమె బాధ. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే పన్నెండు కుళాయిల్లో చేదు కోసం వెతుకుతోంది. ఒక్క చుక్క దొరికితే చాలనుకుంటోంది. ఒక్కనాడూ దొరకలేదు.

సముద్రం లోపలికి వచ్చి పాత ఊళ్ళను తినేశాక, జనమంతా ఎత్తుగా కట్టిన గట్టూళ్ళలోకి మారారు కదా. అవి మొత్తం పన్నెండు. నేలలో నీరు ఉప్పుబారిపోతే, సప్తోదకం అనే సంస్థ వచ్చి సముద్రాన్ని వడగట్టి ఊరికి ఒక కుళాయి చొప్పున మంచినీళ్ళు ఇచ్చింది. ఇచ్చినందుకు ప్రభుత్వం దానికి మేలుముద్ర వేసింది. ఆ రోజుల్లో ముద్ర లేని సంస్థ సముద్రంలో వేలు కూడా ముంచడానికి లేదు. ఎవరు ఏ వ్యాపారం చేసినా, జనానికి ఏదో ఒక మేలు చేసి చూపించాలి. మొదట్లో ఆ మేలును యంత్రాలే కొలిచేవి. యంత్రాలను మాయ చేయడం సంస్థలు నేర్చుకున్నాయి. దాంతో ప్రభుత్వం మనిషి నాలుకనే కొలమానం చేసి, ఆ మనిషి అబద్ధం ఆడకుండా మెడకు పట్టీ కట్టింది. అబద్ధం చెబితే పట్టీ కూస్తుంది. నిజం పలికేదాకా మెడను వదలదు. ఏ నీటి పక్కన నిలబడి పలికితే ఆ నీటి తలుపు మీదే తీర్పు. తీపి అంటే తలుపు తెరుచుకుంటుంది, చేదు అంటే మూసుకుంటుంది.

రుచిసాక్షిగా ఉప్పుమడుల మనిషిని పెట్టడంలో తెలివి ఉంది. మడిలో నీరు ఎంత చిక్కబడిందో, ఎప్పుడు గింజ కడుతుందో నాలుక మీద పెట్టుకుని చెప్పగలిగిన జాతి అది. దాలమ్మ అమ్మ చెప్పేది, ఆమె అమ్మమ్మ చెప్పేది.

దాలమ్మ కంటే ముందు ఆ పట్టీ గవరయ్య అనే ముసలాయన మెడలో ఉండేది. అప్పుడే సప్తోదకం కొత్తగా పని మొదలుపెట్టింది. సముద్రాన్ని వడగట్టాక మిగిలే చిక్కటి నీరు, గొట్టాలు కడిగిన మందులు కలిసిన నీరు ఉంటుంది. దాన్ని శేషజలం అంటారు. అది మడుల కిందుగా పాకి, ఉప్పుబారకుండా మిగిలిన ఒకే ఒక్క మంచినీటి బావిలోకి దిగింది. గవరయ్య వెళ్ళి రుచి చూశాడు. చేదు లేదన్నాడు. పట్టీ కూయలేదు. ఎందుకు కూయలేదంటే, ఆయన నాలుకకు నిజంగానే ఏమీ తెలియలేదు. పట్టీ అబద్ధాన్ని పడుతుంది గాని, తిమ్మిరెక్కిన నాలుకను పట్టలేదు. ఆ పొద్దున ఒక పెద్దమనిషి గొంతుకు మంచిదని చెప్పి ఆయన చేతిలో బిళ్ళ పెట్టాడు మరి.

గవరయ్య మాట నమ్మి దాలమ్మ చెల్లెలు ఎర్నమ్మ ఆ బావి నీళ్ళు తాగింది. మొదట రుచి పోయింది. అన్నం మట్టిలా ఉందక్కా అని నవ్వేది. తరువాత చూపు పోయింది. కార్తీకం వెళ్ళేలోపు మనిషే పోయింది. గవరయ్య ఏడుస్తూ వచ్చి, బిళ్ళ ఇచ్చినవాడి పేరు చెప్పి, పట్టీని దాలమ్మ మెడకు కట్టాడు. సాక్షి తన చేత్తో ఎవరి మెడకు కడితే ఇక వారే సాక్షి. చట్టంలో ఆ మాట ఉంది. రోగమొచ్చిన సాక్షి వల్ల పని ఆగకూడదని పెట్టిన మాట.

ఆ బిళ్ళ ఇచ్చినవాడు అప్పట్లో సప్తోదకంలో చిన్న మేనేజరు. ఈ తొమ్మిదేళ్ళలో సంస్థకు పెద్ద అయ్యాడు. పేరు ప్రభంజన్.

ఆయన ఆ రోజే వస్తున్నాడు. ఆ రోజు మహాసాక్ష్యం. పన్నెండో కుళాయి దగ్గర దాలమ్మ తీపి అంటే సప్తోదకానికి శాశ్వత ముద్ర పడుతుంది. అక్కడి నుంచి నాలుకతో పని లేదు, సాక్షితో పని లేదు. ఆ సంస్థను ఇక ఎవరూ ఏమీ అడగలేరు. దాలమ్మకు ఇంక మరో రోజు లేదు.

దారిలో మేలు శాఖ అధికారి కామేశం గారు ఎదురొచ్చారు. మంచివాడే, కాని పైవాళ్ళ పేరు వింటేనే చెమటలు పట్టే మనిషి. ఆమె సంగతి ఆయనకు తెలుసు. గొడుగు ఆమె మీదకు కొంచెం వంచి, మాట తడబడుతూ చెప్పారు.

"దాలమ్మా, దేశమంతా వింటుంది. నీ మనసులో ఏముందో నాకు తెలుసు. కాని నీళ్ళు తియ్యగా ఉన్నాయి, నువ్వు చేదు అనలేవు. అంటే పట్టీ కూస్తుంది, నిన్ను తీసేస్తారు. ఉన్నది చెప్పేసి ఇంటికెళ్ళిపో తల్లీ."

"ఉన్నదే సెప్తాను బావూ," అంది దాలమ్మ. "మీరేటీ బెంగెట్టుకోకండి. గొడుగు మీ నెత్తిమీదే ఉంచుకోండి, ఎండ మీకు పడదు."

పన్నెండో గట్టూరికి చేరేసరికి పందిరి వేసి ఉంది. కుళాయి పక్కన నిలువెత్తు పటం, దానికి పూలదండ. పటంలో ఎర్నమ్మ. కింద పెద్ద అక్షరాలతో, సప్తోదకం రాకముందు దాహంతో ప్రాణాలు విడిచిన సోదరి జ్ఞాపకార్థం ఈ కుళాయి అని రాసి ఉంది. దాలమ్మకు చదువు రాదు. తొమ్మిదో కుళాయి నుంచి వెంట వచ్చిన సూరీడమ్మ చదివి వినిపించింది. వినిపించి, దాలమ్మ ముఖం చూసి, ఆమె మోచెయ్యి పట్టుకుంది.

తొమ్మిదేళ్ళు దాలమ్మ మనసులో నిప్పు కప్పెట్టుకుంది. చంపినవాడే ఆ చావును తన మేలుకు దండగా గుచ్చుకున్నాడని అర్థమయ్యాక, ఆమె లోపల ఏదో చల్లబడి గట్టిపడింది. అంతవరకు ఆమెకు కావలసింది చేదు నీళ్ళు. ఇప్పుడు ఆ మనిషే కావాలి.

ప్రభంజన్ చాలాసేపు మాట్లాడాడు. వ్యక్తి, సంస్థ, ప్రభుత్వం ముగ్గురూ చేతులు కలిపితే ఎంత మేలు జరుగుతుందో చెప్పాడు. శేషజలం గురించి ఎవరో అడిగితే, అది సముద్రం ఉప్పే, పసిపిల్లలు తాగినా ఏమీ కాదని నవ్వాడు. గాలిలో తిరిగే చూపుడు యంత్రాలు ఆ నవ్వును దేశమంతటికీ చేరవేశాయి. తరువాత దాలమ్మ దోసిలి పట్టింది, తాగింది.

"రుచి?"

"తీపి."

పచ్చదీపం వెలిగింది. చప్పట్లు మోగాయి. పట్టీ టక్కుమని విచ్చుకుని ఆమె చేతిలోకి వచ్చింది. కామేశం గారు నిట్టూర్చి నుదురు తుడుచుకున్నారు. సాక్ష్యం ముగిసిందని ఆయన ఇంకా ప్రకటించలేదు. దాలమ్మ పట్టీని రెండు చేతులతో పట్టుకుని ప్రభంజన్ దగ్గరికి వెళ్ళి, శేషజలం తూము ఇరవై అడుగులే కదా బావూ, అక్కడ మా మడుల ఆచారం ఒకటి ఉంది, అది జరిపిస్తే శుభం అంది. గట్టూళ్ళ ఆచారమంటే యంత్రాలకు బాగా కనబడుతుందని ఆయన సంతోషంగా నడిచాడు.

తూము దగ్గర నీరు నురుగు కక్కుతోంది. దాని కింద ఉప్పుమడులు నల్లగా చచ్చి పడి ఉన్నాయి. దాలమ్మ చేతులు పైకెత్తింది. రోజుకు నాలుగు దండలు వేయించుకునే మనిషి కదమ్మా, మెడ దగ్గరికి ఏది వచ్చినా తల వంచడం ఆయనకు అలవాటైపోయింది. తల వంచాడు. ఆమె పట్టీ కట్టేసింది. తాళం పడిన శబ్దం విన్నాక గాని ఆయన తల ఎత్తలేదు.

దాలమ్మ వంగి దోసిలితో శేషజలం తీసి ఆయన నోటి ముందు పెట్టింది.

"పై మడిలోంచి కింద మడిలోకి నీరొదిలినోడు, కింద మడోళ్ళ ముందు ఒక దోసిలి తాగాల. తాగి సెప్పాల. మా కాడ తాతల నాటినుంచీ అదే. తూమెత్తింది మీరు. తాగండి బావూ."

ఆయన అటూ ఇటూ చూశాడు. నల్లటి మడుల గట్ల మీద పుళ్ళ కాళ్ళతో జనం, పైన యంత్రాలు. పసిపిల్లలు తాగినా ఏమీ కాదన్న మాట ఇంకా గాలిలోనే ఉంది. పెదవులు తడిపి నవ్వేద్దామనుకున్నాడు. నాలుక మాట వినలేదు. నురుగు తగలగానే ఉమ్మేశాడు.

"రుచి?" అంది పట్టీ.

"పరవాలేదు. కాస్త ఉప్పు, అంతే."

పట్టీ కూసింది. కోత మిషను రాయికి తగిలినట్టు కూసింది. ఆయన దాన్ని పట్టుకుని లాగాడు. అది ఇంకా బిగిసింది. చేదు అనే ఒక్క మాట అంటే విడిచేసేది. ఆ మాట అనబోయేంతలో దాలమ్మ తడి చెయ్యి ఆయన నోటికి అడ్డం పెట్టింది.

"రుచి తరవాత సెబుదురు గాని. గవరయ్యకి బిళ్ళ ఎవులిచ్చారు?"

"గవరయ్య ఎవరో నాకు తెలియదు."

పట్టీ కూసింది.

ఈ అబద్ధానికి కూడా నిజం పలికితే గాని పట్టీ ఇక వదలదని ప్రభంజన్‌కు అర్థమైంది. ఆమె చెవి దగ్గరికి వంగి, నువ్వు ఏం చేస్తున్నావో తెలుసా, ఈ తూము మూసుకుంటే యంత్రం ఆగిపోతుంది, నీ గట్టూళ్ళే ఎండుతాయి, నీ వాళ్ళే చస్తారు అన్నాడు. ఆ మాట దాలమ్మకు తగిలింది. రాత్రీ పగలూ ఆమెకున్న భయం అదే, ఇన్నేళ్ళూ ఆ తూము దగ్గర తాను రుచి చూడకపోవడానికీ అదే కారణం. ఒక్క క్షణం ఆమె వెనక్కి తగ్గింది కూడా. అప్పుడు ఆ మాట విన్న సూరీడమ్మ వెనక నుంచి, "అప్పా, మా బిందెల కోసం ఆగకు," అంది.

"కుళాయి నీళ్ళకి తీపని నేను సెప్పీసినాను," అంది దాలమ్మ ఆయనతో. "ఇప్పుడు మీరు కుళాయి కట్టీసినారంటే ముద్ర మీ చేత్తో మీరే చెరుపుకున్నట్టు. కట్టండి, సూస్తాను. బిళ్ళ ఎవులిచ్చారు?"

ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరూ కదలలేదు. ఆయన మరో రెండు అబద్ధాలు ఆడాడు. పట్టీ రెండుసార్లు కూసింది. మూడోసారి ఆయన కళ్ళు పటం వైపు తిరిగాయి.

"నేనే ఇచ్చాను," అన్నాడు.

పట్టీ కూయలేదు. దేశమంతా ఆ నిశ్శబ్దం విన్నది.

"ఇప్పుడు రుచి సెప్పండి."

"చేదు."

టక్కుమంది. పట్టీ విచ్చుకుని బురదలో పడింది. శేషజలం తూము తలుపు దానంతట అదే దిగి మూసుకుంది.

పైనుంచి కామేశం గారికి ఫోను వచ్చింది. ఒకే సంస్థకు ఒకే పూట తీపీ చేదూ రెండూ రావడం ఎలా కుదురుతుందని అరిచారట, సాక్ష్యం రద్దు చేయమన్నారట. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. అయినా, పట్టీ పలికింది సార్, రద్దు చేయడానికి నేను పట్టీని కాదు కదా, అని ఫోను పెట్టేశారు. ముద్రల కార్యాలయం పుస్తకాల్లో ఆ రెండు తీర్పులూ కలిపి రాసే చోటే లేదు. ఇచ్చినదాని మీద సాక్ష్యం అడగడమే వాళ్ళకు తెలుసు. ఇస్తూ ఇస్తూ వెనక నుంచి ఏం వదిలారో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

సప్తోదకం కుళాయిలు కట్టేయలేకపోయింది, తూము ఎత్తలేకపోయింది. శేషజలం వెనక్కి తన్ని సంస్థ ఆవరణలోకే పొంగింది. పచ్చిక మాడింది. ప్రభంజన్ విడిది ఇంటి మెట్లు తెల్లగా పొక్కిపోయాయి. ఆ నీటిలోని మందు తీసి, ఎండబెట్టి, రాయి చేసి దాచే యంత్రం తేవడానికి కుదరదని తొమ్మిదేళ్ళు చెప్పినవాళ్ళు నలభై రోజుల్లో తెచ్చారు. బిళ్ళ సంగతి విచారించి ఆయన్ని పదవి నుంచి తీసి జైల్లో పెట్టారు. ఆ దోసిలి నీరు ఆయన నాలుకను కాల్చేసింది. అన్నం మట్టిలా ఉందని అక్కడి కాపలావాళ్ళతో అనేవాడట.

వారం తిరక్కుండా ఎక్కడెక్కడి సాక్షులో పట్టీలు విప్పి, మేలు చేశామని వచ్చినవాళ్ళ మెడలకు కట్టడం మొదలుపెట్టారు. ఆసుపత్రి ఇచ్చినవాణ్ణి ఆ మంచం మీదే పడుకోబెట్టి అడిగారు. బడి ఇచ్చినవాణ్ణి ఆ గదిలో మధ్యాహ్నం కూర్చోబెట్టి అడిగారు. రోడ్డు వేయించిన మంత్రిని కూడా వదల్లేదు. చాలా చోట్ల పట్టీలు కూశాయి. కొన్ని చోట్ల కూయలేదు, ఆ మేళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

ఇదమ్మా జరిగింది. ఈ కథను కొందరు మార్చి చెబుతున్నారు. జైల్లో ఆయన కాళ్ళ మీద పడితే దాలమ్మ లేవనెత్తి, పోన్లే నాయనా అని క్షమించిందని చెబుతున్నారు. పిల్లల పుస్తకాల్లో బొమ్మ కూడా వేశారట. అది అబద్ధం. ఆమె జైలుకు వెళ్ళిన మాట నిజమే. అద్దానికి ఇవతల కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న చేపల పులుసూ అన్నం ఆయన చూస్తుండగా మెతుకు మిగలకుండా తిని, వేళ్ళు నాకి, ఒక్క మాట మాట్లాడకుండా లేచి వచ్చింది. ఈ కథ గుర్తుంచుకోండి, మీ వాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు ఎక్కడ తగ్గించినా తగ్గించండి గాని, ఆమె క్షమించిందని మాత్రం చెప్పకండి.