ధనిష్ఠ ఇంట్లో చప్పుడు

1974 ఆగస్టు 14, బుధవారం. ఉదయం ఎనిమిదీ ఇరవై. కాలవలో వేసిన వలలు మూడోరోజు కూడా ఖాళీగానే పైకొచ్చాయి.

ఎస్సై జీవరత్నం గట్టుమీద కూలబడ్డాడు. బెజవాడ నుంచి ఈతగాళ్ళను పిలిపించి మరీ వెతికించాడు. ఆరేళ్ళ కస్తూరి జాడ లేదు.

ఆదివారం మధ్యాహ్నం మాయమైంది. తూము దగ్గర తుంగలో దొరికిన ఎర్ర రిబ్బను ఒక్కటే క్లూ. కూచిపూడి చుట్టుపక్కల ఏ ఆడపిల్ల జడకు లేదు గనక ఎర్ర రిబ్బను? ఆ ముక్క ఇప్పుడు తట్టింది అతనికి. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఊరివాళ్ళకైతే అనుమానమే లేదు. పిల్ల నాయనమ్మ బుల్లెమ్మ ధనిష్ఠా నక్షత్రంలో పోయింది. అలా పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. ఈలోగా తలుపు తీస్తే ఇంకో ప్రాణం పోతుందంటారు. అందుకే కర్మకాండ ముగిశాక ఆదివారం మూడింటికి సామాను రెండు బళ్ళకెత్తి, తాళం వేసి, ఊరిచివర కాలవగట్టున ఉన్న ఇంట్లోకి మారారు. సరిగ్గా ఆ పూటే, కొత్తింటి దగ్గర బళ్ళు దిగాక చూస్తే పిల్ల లేదు. మనవరాలంటే ముసలమ్మకు ప్రాణం, వెంట తీసుకుపోయిందని తేల్చేశారు. వెతకడం కూడా మానేశారు.

జీవరత్నానికి ఒళ్ళు మండింది. తొమ్మిదింటికల్లా పిల్ల తండ్రి తిరుపతిరావునూ, తల్లి సంపూర్ణమ్మనూ, పక్కింటి వెంకటరత్నమ్మనూ తాళం వేసిన ఆ ఇంటి ముందే నిలబెట్టాడు.

"పిల్ల ఏ బండెక్కింది?"

"వాళ్ళమ్మ ఎక్కిన బండండీ," అన్నాడు తిరుపతిరావు.

సంపూర్ణమ్మ మొగుడి వంక తెల్లబోయి చూసింది. "మీ బండిలో ఉందనుకున్నానండీ."

జీవరత్నం తాళం వేసిన తలుపు వైపు తిరిగాడు. రెండు బళ్ళలోనూ పిల్ల లేదు. అంటే కాలవ దాకా రానేలేదు.

ఈ ఇంట్లో ఏమైనా అలికిడి విన్నారా అని వెంకటరత్నమ్మను అడిగాడు. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. ఆదివారం సాయంత్రం నుంచీ టక్కుటక్కుమని ఒకటే చప్పుడట. పక్షవాతంతో మాట పడిపోయాక బుల్లెమ్మ గ్లాసుతో మంచం కోడు మీద కొట్టి పిలిచేది, అచ్చం అదేనట. నిన్న సాయంత్రం ఆరింటికి పంతులుగారు వాకిట్లో శాంతి చేశారు. సంపూర్ణమ్మ వెనక్కెళ్ళి, పెరటివైపు బుల్లెమ్మ గది మూసిన కిటికీ దగ్గర అత్తగారికి ఏదో చెప్పుకుని దణ్ణం పెట్టింది. ఆ క్షణం నుంచీ చప్పుడు లేదు.

"శాంతి ఫలించిందండీ," అందావిడ.

"ముసలమ్మ గ్లాసు కొడితే ఎవరు పరిగెత్తేవారు?"

"ఇంటిల్లిపాదీ అండీ," అంది సంపూర్ణమ్మ. "మా కస్తూరే అందరికంటే ముందు..."

ఆమె తలుపు తాళాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"సామాను సర్దే హడావిడిలో నాయనమ్మ గదిలో నిద్రపోయి ఉంటుందమ్మా. ఏడ్చి ఏడ్చి గొంతు పోయుంటుంది. ఎలా కొడితే మీరంతా వస్తారో పిల్లకు తెలుసు," అన్నాడు జీవరత్నం. "తాళంచెవి ఇవ్వండి."

తిరుపతిరావు బొడ్లో తాళంచెవి గట్టిగా పట్టుకుని వెనక్కి జరిగాడు. ఇంకో పసిబిడ్డ ఉన్నాడు, వాడికేమన్నా అయితే ఎలాగని వలవలా ఏడ్చాడు. జీవరత్నం ఇంకేం వినలేదు. గునపం తెప్పించి గొళ్ళెం పెకలించాడు.

పదిహేను గంటలుగా చప్పుడు లేదు. శాంతితో ఆగలేదని అతనికి తెలుసు. ఎందుకు ఆగిందో ఊహించడానికే భయం వేసింది. ప్రభువా, ప్రభువా అనుకుంటూ చీకటి గదిలోకి ఉరికాడు.

మంచం కింద ముడుచుకుని ఉంది కస్తూరి. పక్కన నీళ్ళు అడుగంటిన బిందె, ఇత్తడి గ్లాసు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఆడుతోంది.

సంపూర్ణమ్మ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. తడికొంగు పెదాలకు అద్దింది. కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది. తల్లిని చూసి భయంగా ముడుచుకుంది. గొంతు పెగల్లేదు. జీవరత్నం చెవి దగ్గర పెడితే గాని వినపడలేదు.

"అమ్మ చప్పుడు చెయ్యొద్దంది," అంది కస్తూరి. "అప్పట్నించీ చెయ్యలేదు."