గూట్లో కోడి, సందులో కారు

"గూడు కూల్చడానికి వచ్చారా?"

"అవునండీ."

"అయితే కూర్చోండి. మూడు వారాలు పడుతుంది."

వడ్రంగిగా నేను వెళ్లిన ఇళ్లలో మంచినీళ్లిచ్చిన వాళ్లున్నారు, కుక్కని వదిలిన వాళ్లూ ఉన్నారు. పని మొదలుపెట్టకముందే మూడు వారాలు కూర్చోమన్నది మాత్రం ఈ అమ్మాయొక్కతే. కోళ్లగూడు తలుపుకి వీపు ఆనించి, నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో గింజల గిన్నెతో కూర్చుని ఉంది. చుట్టూ కోళ్లు. అన్నీ నా వైపే చూస్తున్నాయి.

"మీ అన్నయ్యగారు ఈరోజే పూర్తి చెయ్యమన్నారండీ. ఇక్కడ కారు షెడ్డు కట్టాలట."

"మా అన్నయ్య చాలా అంటాడు. లోపల ఒకావిడ పొదుగు మీదుంది. మీరే అడగండి, లేస్తుందేమో."

వంగి గూట్లోకి చూశాను. మూల గడ్డిలో ఒక నల్లకోడి నేలకి అతుక్కుపోయినట్టు కూర్చుంది. సుత్తి పక్కన పెట్టి మెల్లగా చెయ్యి చాపాను. అది ఈకలన్నీ విప్పి రెండింతలై, గుర్రుమని, నా బొటనవేలి మీద ఒక్కటిచ్చుకుంది.

"ఏమంది?" అందా అమ్మాయి తల తిప్పకుండానే.

"లేవనంది."

"నేనూ అదే అంటున్నాను."

అంతలో వాళ్లన్నయ్య వచ్చాడు. కొత్త కారు తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ, నీడలో కూడా నల్లకళ్లద్దాలు తియ్యని మనిషి.

"మళ్లీ మొదలుపెట్టావా? కారు వీధిలో ఎండకి మాడిపోతోంది. నీ కోళ్లకేమో నీడ కావాలా?"

"నీ కారు మొన్న వచ్చింది. ఇవి ముందునించీ ఉన్నాయి."

"ఆ కోడిని రెండుసార్లు నీళ్లల్లో ముంచు, పొదుగు అదే వదిలేస్తుంది."

"నిన్ను రెండుసార్లు ముంచితే కారు వదిలేస్తావా?"

నేను నవ్వు ఆపుకోలేక మేకుల సంచి సర్దుకున్నాను. ఆమె చూడనే చూసింది. ఆ చూపులో కోపం ఉందో, మెచ్చుకోలు ఉందో ఆ పూట నాకు తేలలేదు.

ఆమె పనిచేసేది డ్రైవింగ్ స్కూల్లో. రోజంతా భయస్తుల పక్కన కూర్చుని క్లచ్చూ బ్రేకూ నేర్పించి ఇంటికొస్తే, ఆమెకి కావలసింది ఈ పెరడు, ఈ గుంపు. షెడ్డు వస్తే కోళ్లన్నిటినీ అమ్మెయ్యాల్సిందే, ఇంకో చోటు లేదు. ఆ మాట నాకు చెప్పి, వెంటనే గడ్డం ఎత్తి అన్నయ్య మీదికి వచ్చింది.

"సరే, పందెం. ఈ కోడి పిల్లల్ని దించి బయటికి తెచ్చేదాకా గూడు జోలికి రాకు. ఆ రోజు నీ కారు ఇంటి పక్క ఈ సందులోంచి నువ్వే తోలుకుని పెరట్లోకి రా. గీత పడకుండా వస్తే గూడు నేనే పీకేస్తాను. రాలేకపోతే పెరడు మాట జన్మలో ఎత్తకూడదు."

వాళ్లన్నయ్య నన్ను సందు కొలవమన్నాడు. కొలిచాను.

"పడుతుంది సార్. అటు జానెడు, ఇటు జానెడు. కాకపోతే సందులో ఉన్నంతసేపూ తలుపులు తెరుచుకోవు."

"తలుపులెందుకయ్యా, పెరట్లోకి వచ్చాక దిగుతాను," అన్నాడాయన.

వంటింటి కిటికీలోంచి వాళ్లమ్మగారి గొంతు వినిపించింది. "ఇద్దరి మాటా విన్నాను. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవద్దు."

నిజానికి ఆ మూడు వారాలూ నాకక్కడ పనేం లేదు. కానీ మర్నాడు ఆమె నించి ఫోను వచ్చింది. మిగతా కోళ్లు కూడా నల్లకోడి పక్కకే దూరి అక్కడే గుడ్లు పెట్టిపోతున్నాయట. పొదిగే గుడ్లలో కొత్తవి కలిస్తే అన్నీ ఒకేసారి పగలవు. అడ్డంగా ఒక చెక్క కొట్టాలి. గంట పనిని నేను నాలుగు రోజులు చేశాను. ఆమె పెన్సిలుతో గుర్తు పెట్టిన గుడ్లు ఉంచి, కొత్తవి తీసేస్తూ, నా పని తీరు చూసి ఏమీ అనలేదు.

ఆ వారమే గుంపులోకి కొత్త కోడి ఒకటి వచ్చింది. దాన్ని కొన్నాళ్లు వల అవతల ఉంచి, అందరూ చూసుకున్నాక లోపలికి వదిలింది. వదిలీ వదలగానే హెడ్మిస్ట్రెస్ అని పేరున్న ఎర్రకోడి దాన్ని నెత్తి మీద పొడిచింది. నేను పరిగెత్తబోయాను. ఆమె నా చొక్కా పట్టుకుని ఆపింది.

"వద్దు. ఎవరి స్థానమేంటో వాళ్లే తేల్చుకోవాలి. మనం దూరితే మళ్లీ మొదటికొస్తుంది."

"చంపేస్తుందేమోనండీ."

"రక్తం వస్తేనే మధ్యలోకి వెళ్లాలి. అంతవరకు చూస్తూ కూర్చోవడమే."

అప్పుడే వాన మొదలైంది. ఇద్దరం గూటి రేకు కిందికి దూరాం. కోళ్లూ అక్కడికే వచ్చాయి. హెడ్మిస్ట్రెస్‌కి మంచి చోటు వదిలిపెట్టగా మిగిలిన జాగాలో ఆమె భుజం నా భుజానికి తగిలింది. చొక్కా ఇంకా వదల్లేదని ఆమెకి గుర్తులేదు. నేను గుర్తు చెయ్యలేదు.

వాన వెలిశాక చెప్పింది. "అన్నయ్యకి తోలడం రాదు కదా, వేరే డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. రోజూ పొద్దున్నే వెళ్తున్నాడు. నిన్న చూశాను, బాగానే తోలుతున్నాడు."

"మీరు భయపడుతున్నారా?"

"లేదు," అంది. భయపడుతోంది. గింజలన్నీ ఒకే చోట పోసేస్తోంది.

ఇక నా బుర్ర ఊరుకుంటుందా? రెండు రోజులు కూర్చుని టేకు ముక్కల్ని చెక్కి, నునుపు పట్టించి, తెల్లరంగు వేసి గుడ్లు తయారుచేశాను. చాలా ముచ్చటగా వచ్చాయి. తీసుకెళ్లి ఆమె చేతిలో పోశాను.

"అసలు గుడ్లు తీసేసి ఇవి పెట్టండి. చెక్క పగలదు, పిల్లలు దిగవు, కోడి లేవదు. పందెం రోజు రానే రాదు."

ఆమె వాటిని చూసింది. తర్వాత నన్ను చూసింది. కొత్త కోడిని హెడ్మిస్ట్రెస్ కూడా అంత కోపంగా చూడలేదు.

"ఆ నల్లది రోజుకొక్కసారి లేస్తుంది. నాలుగు గింజలు, గుక్కెడు నీళ్లు. మళ్లీ పరుగు. ఒళ్లంతా తేలికైపోయింది. పిల్లలొస్తాయన్న నమ్మకంతో కడుపు మాడ్చుకుంటోంది. దాని కింద చెక్కముక్కలు పెట్టమంటారా?"

"మీకోసమేనండీ..."

"నాకోసం ఎవరూ దాన్ని మోసం చెయ్యక్కర్లేదు. ఓడిపోతే ఓడిపోతాను. మీరు వెళ్లండి."

వెళ్లాను. నిజం చెప్పాలంటే నాకూ కోపమొచ్చింది. ఆమె అన్నది న్యాయమే అని తెలిసినందుకు ఇంకా కోపమొచ్చింది. రెండు రోజులు ఆగి, మూడోరోజు చేతిలో ఏమీ లేకుండా వెళ్లి పెరటి గుమ్మంలో నిలబడ్డాను.

"తప్పు నాదేనండీ. మీ అన్నయ్యగారు గెలిచినా ఆ గూడు నేను కూల్చను. షెడ్డూ కట్టను. ఇంకెవర్నైనా చూసుకోమనండి."

ఆమె గింజల గిన్నె కింద పెట్టింది. తర్వాత పక్క గంప చూపించింది. అందులో నా చెక్క గుడ్లు, వాటి మీద హెడ్మిస్ట్రెస్.

"కోళ్లు గుడ్లు ఉన్నచోటే పెట్టాలనుకుంటాయి. మొన్నటిదాకా నీ చెక్క దూకి మరీ వెళ్లేవి. ఇప్పుడు మిగతావన్నీ ఇక్కడే పెడుతున్నాయి, నల్లదాని జోలికి పోవడంలేదు. పనికొచ్చే వస్తువే చేశావు. చెప్పిన చోటే తప్పు."

'చేశావు' అంది. ఇంటికెళ్లేదాకా ఆ ఒక్క మాటే నెమరేసుకున్నాను.

పిల్లలు దిగాయి. పందెం రోజు వాళ్లన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కారెక్కాడు. అమ్మగారు కిటికీలో, మేమిద్దరం పెరట్లో. గూటి తలుపు తెరిచే ఉంది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

కారు సందులోకి తిన్నగా వచ్చింది. అద్దాలు ముడుచుకుని, గోడకి తగలకుండా సగం దాకా వచ్చేసింది.

సరిగ్గా అప్పుడు నల్లకోడి పిల్లల్ని వెంటేసుకుని సందులోకి బయల్దేరింది. ఎదురుగా ఇంజను రొద విన్నది. పిల్లలు రెక్కల కిందికి దూరాయి. అది అక్కడే చతికిలబడి, ఈకలు విప్పి రెండింతలైంది.

హారన్ మోగింది. కోడి ఇంకా పెద్దదైంది. మళ్లీ మోగింది. లేచొచ్చి ముందు చక్రాన్ని టపటపా నాలుగు పొడిచి, వెళ్లి పిల్లల మీద కూర్చుంది. కారు ఆగిపోయింది.

"దాన్ని తియ్యండి," అన్నాడాయన కిటికీలోంచి.

"నేను ముట్టుకోను. నువ్వు దిగి తియ్యి," అంది చెల్లెలు.

తలుపు తియ్యబోయాడు. తలుపు గోడకి ఆనింది.

"పోనీ, వెనక్కి వెళ్లు అన్నయ్యా."

ఆయన గేరు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు.

"రివర్సు ఇంకా నేర్పలేదా?"

"వచ్చేవారం," అన్నాడాయన చాలా నెమ్మదిగా.

"మా స్కూల్లో మొదటిరోజే నేర్పిస్తాం."

ఇలాంటి అదృష్టం నాకు మళ్లీ దొరకదు. ఆయన దిగలేడు, వెళ్లలేడు, చెవులు మూసుకున్నా ఎక్కువసేపు మూసుకోలేడు. నేను బానెట్ ముందుకెళ్లి నిలబడ్డాను.

"సార్, మీకో విషయం చెప్పాలి. నేను మీ చెల్లెల్ని ప్రేమిస్తున్నాను. ఆవిడ ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటాను."

"ఏవయ్యా, గూడు కూల్చమంటే కాపురం పెడతానంటావా? నీ బతుకెంత, నీ సుత్తెంత?" అక్కణ్నించి మొదలుపెట్టి నా పనితనం, నా చెప్పులు, నా జుట్టు, ఒక్కటీ వదల్లేదు.

సాయం కోసం ఆమె వైపు చూశాను. ఆమె నీళ్లతొట్టి గట్టు మీద తీరిగ్గా కూర్చుని ఉంది.

"ఏమైనా అనొచ్చుగా," అన్నాను.

"రక్తం వస్తే చూద్దాం," అంది.

కిటికీలోంచి అమ్మగారు నవ్వారు. "అబ్బాయ్, ఆ పిల్ల ఒప్పుకున్నట్టే. నాకూ ఇష్టమే. వాడు అరిచి అరిచి ఊరుకుంటాడు, లోపలికొచ్చి టీ తాగు."

ఆమె లేచి, ఇంట్లోంచి వీధిలోకెళ్లి, కారు వెనక నించి సందులోకి వచ్చి, డిక్కీ తెరిపించి, సీట్ల మీదుగా పాకి స్టీరింగ్ ముందుకి చేరింది. వాళ్లన్నయ్య పక్క సీట్లోకి జరిగాడు.

"పెరడు మాట?" అని అడిగింది.

"ఎత్తను. ముందు బయటికి తీసుకెళ్లు."

ఎక్కడా గీత పడకుండా, ఒక్క చూపు వెనక్కి, ఒక్క చూపు నా వైపు, కారుని వీధిలోకి తీసుకెళ్లిపోయింది. నల్లకోడి లేచి, రెక్కలు దులుపుకుని, పిల్లలతో సందంతా తనదే అన్నట్టు నడిచింది.

కారు షెడ్డు చివరికి నేనే కట్టాను, ఇంటి ముందు. కట్టినన్నాళ్లూ ఆయన ప్రతి మేకుకీ ఒక వంక పెట్టాడు. ఆఖరి రోజు దూలం చివర పట్టుకోమంటే మాత్రం నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని వచ్చి పట్టుకున్నాడు.

"సరిగ్గా పట్టుకోండి బావగారూ," అన్నాను.

ఒక్క క్షణం గుర్రుగా చూశాడు. కానీ దూలం వదల్లేదు.