మూడో మునక

బడ్జ్ బడ్జ్‌లో మూతపడిన జనపనార మిల్లు వెనక దొరగారి తోట ఒకటుంది. నేలను లోతుగా తవ్వించి, లోయలా చేయించి, చివర్న చెరువు నీళ్లు మడుగులోకి దూకేలా ఓ జలపాతం కట్టించుకున్నాడట ఆ దొర. నడక చాలా సులువు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లయినా అరటిచెట్ల మధ్య నుంచి పది నిమిషాల్లో దిగిపోవచ్చు.

దిగడానికేం... పైకి రావడం గురించే ఎవరూ మాట్లాడరు!

తోటమాలి ఒకడు ఆ మడుగులో మునిగాడనీ, శవం దొరకలేదనీ అంటారు. పొద్దువాలితే అటు మేకలు కూడా పోవట. మేకల్ని అడిగి చూసినవాళ్లు లేరనుకోండి.

మిల్లు గేటు మీద ఎర్రజెండాలు వెలిసిపోతున్న రోజుల్లో జరిగిందిది. ఆయిల్ డిపోలో డ్యూటీ దిగి జయరాజు పొద్దువాలాక ఇంటికొచ్చేసరికి, గుమ్మంలో భార్య రోజమ్మ కంగారుగా నిలబడి ఉంది.

"మావయ్య కనబడ్డం లేదు. తోటవేపు ఎల్లారని చాయ్ దుకాణం బెంగాలీ దాదా చెప్పాడు."

"ఏటి? ఈ ఏళప్పుడా?"

జయరాజు టార్చి కోసం లోపలికి తిరిగాడు. నాన్న ఎలీయాజరుకి డెబ్బై ఏళ్లు. ఈత రాదు. నీళ్లంటే ఎంత భయమంటే, వెనక్కి వాల్చి నీళ్లలో ముంచే బాప్తిస్మాన్ని నలభై ఏళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాడు. చివరికి ఈ ఆదివారానికి కుదిరింది.

టార్చి పుచ్చుకుని పరుగెత్తాడు. తోట మెట్లు దిగుతుండగానే — లోడ్‌షెడ్డింగ్. ఊరంతా ఆరిపోయింది. దానికీ యూనియన్ ఉంది కాబోలు, టార్చి కూడా ఆగిపోయింది.

అరటాకులు భుజాలు తడుముతున్నాయి. నీళ్ల హోరు దగ్గరవుతోంది. ఆఖరి మలుపు తిరిగాడు —

మసక వెలుతురులో, మడుగులో... తెల్లటి ఆకారం!

నడుంలోతు నీళ్లలో నిలబడి ఉంది. మెల్లగా వెనక్కి వాలింది... మునిగింది. లేచింది. మళ్లీ మునిగింది... లేచి, దగ్గింది.

ఆ దగ్గు జయరాజుకి తెలుసు. పొద్దున్నే చుట్ట కాల్చాక ఇంట్లో వినబడే దగ్గే!

దెయ్యం కాదు, నాన్నే అని తెలిశాక భయం తగ్గాలి కదా? పెరిగింది. అరిస్తే ఉలిక్కిపడి జారిపోతాడేమో. దూకుదామంటే తనకీ ఈత రాదు. ఒడ్డు మీదే ఆగిపోయాడు.

మూడోసారి వెనక్కి వాలింది ఆకారం. మునిగింది.

లేవలేదు...

ఇంకా లేవలేదు...

"యేసయ్యా..." లోలోపలే అనుకున్నాడు జయరాజు.

భళ్లుమని నీళ్లు చీల్చుకుని లేచాడు ముసలాయన. ఆయాసపడుతూ, తడిసిన తెల్ల లాల్చీతో ఒడ్డు దగ్గరకొచ్చి నవ్వాడు.

"ఒరే, నాకంటే ముందే ఒడ్డెక్కీసావేటి?"

"నాన్నా... ఏటిది?"

"ఆదివారం అందరి ముందూ వణికితే పరువేటవుతాదిరా? అందుకే అలవాటు చేసుకుంతన్నాను. నువ్వొచ్చి ఎనక నుంచి తల పట్టుకున్నాక ధైర్యమొచ్చింది. మూడోసారే... కాసింత ఎక్కువసేపు నొక్కీసావు."

జయరాజు వంగి, తండ్రి చెయ్యి అందుకున్నాడు.

ఎలీయాజరు నవ్వు ఆగిపోయింది. కొడుకు వేళ్లు తడిమాడు... మణికట్టు తడిమాడు... చొక్కా చెయ్యి తడిమాడు.

"ఒరే జయరాజూ... నీ చెయ్యి పొడిగా ఉందేటిరా?"