దీపపాలకుడి కపాలం

అసురసంధ్య...

నవంబరు సూర్యుడు నాలుగున్నరకే నెత్తురు కక్కుకుని సుపీరియర్ సరస్సులో కూలిపోయిన వేళ! పడమటి దిక్కున కారుమేఘాలు కాలసర్పాల్లా మెలికలు తిరుగుతున్నాయి. మంచు కురుస్తూండగానే ఉరుములు... అలాంటి ఉరుము వినిపిస్తే మా తీరంలో ముసలివాళ్ళు చేతిలోని కాఫీ కింద పెట్టి కిటికీ దగ్గరికి నడుస్తారు. ఇవాళ సరస్సు మీద ఎవరి బిడ్డలున్నారో తలుచుకుంటారు.

సరస్సులోకి పొడుచుకొచ్చిన కొర్పీ అగ్రం మీద దీపస్తంభం పక్కనే చిన్న శ్మశానం. అక్కడ ఒక తెల్లని గుడ్లగూబ శిలువ మీద వాలి, రెప్ప వేయకుండా కిందికి చూస్తోంది. కింద ఒక మగవాడు గొయ్యి తవ్వుతున్నాడు. గట్టు మీద ఒక ఆడమనిషి లాంతరు పట్టుకుని నిలబడింది. మంచు మొహాన కొడుతున్నా లాంతరు దించడం లేదు.

ఆ సమాధి ఆమె కన్నతండ్రిది!

ఆమె పేరు సైమా హక్కలా. యాభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. వేసవి వచ్చిందంటే పాత రాగి గనులూ, పాడుబడ్డ కోటా, ఒడ్డు పొడవునా ఉన్న దీపస్తంభాలూ చూడటానికి మా కీవినా తీరానికి యాత్రికులు దిగుతారు. వాళ్ళను వెంటబెట్టుకుని తిప్పేది సైమాయే. ఆఖరున కొర్పీ స్తంభం ముందు నిలబెట్టి, మెట్లెక్కే ముందు ఒక కథ చెప్పేది. ముప్పై ఏడేళ్ళ కిందట ఇక్కడి దీపపాలకుడు తాగి పడుకున్నాడనీ, దీపం ఆరిపోయిందనీ, 'ఆల్డెన్ రీస్' అనే ఓడ ఎదురుగా కనిపించే ఆ రాళ్ళకు కొట్టుకుని పద్నాలుగు మంది మునిగిపోయారనీ చెప్పేది. ఆ పాలకుడు యాల్మారి తన తండ్రేనని దాచేది కాదు. ఆ మాట దగ్గర తల వంచుకునేది. తండ్రి తప్పుకు కూతురెంత సిగ్గుపడుతోందో పాపం, అని యాత్రికులు జాలిపడేవారు.

సిగ్గు నిజమే... కథే అబద్ధం!

యాల్మారి జన్మలో మద్యం ముట్టలేదు. ఫిన్లాండు నుంచి వలసొచ్చిన మా ఫిన్ల మద్యనిషేధ సంఘానికి పదకొండేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆ సాయంత్రం అతడు న్యుమోనియా జ్వరంతో ఒళ్ళెరగక పడి ఉన్నాడు. దీపాన్ని కూతురికి అప్పగించాడు. పందొమ్మిదేళ్ళ సైమా, గంటలో వచ్చేస్తాను కదా అనుకుని, ఊళ్ళో హాలుకు డాన్సుకు వెళ్ళింది. అకార్డియన్ మోగుతూనే ఉంది. ఆమె ఆడుతూనే ఉంది. గంట కాస్తా మూడు గంటలయింది. తిరిగొచ్చేసరికి నూనె నిండుకుని దీపం ఆరిపోయి, పొగమంచులో స్తంభం చీకటిగా నిలబడి ఉంది. రాళ్ళ వైపు నుంచి మనుషుల కేకలు... ఒక్కొక్కటిగా తగ్గుతూ...

విచారణ రోజున యాల్మారి లేచి నిలబడి, తాగి పడుకున్నది నేనే అన్నాడు. కూతురి వైపు చూడలేదు. కొలువు పోయింది. సంఘంవాళ్ళు పేరు కొట్టేశారు. ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళలో ఒక్కసారైనా ఆ ఊసెత్తలేదు. రోజూ పొద్దున్నే ఆమె కప్పులో కాఫీ పోసి బల్ల మీద పెట్టేవాడు, అంతే. ఆయన పోయాకైనా నిజం చెప్పాలనుకుంది సైమా. కానీ చెప్పని ప్రతి ఏడూ, ఆ పై ఏడు చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది.

అన్నిటికన్నా కష్టం హిల్యా మొహం చూడటం. మునిగిన ఓడలో వంటవాడు మా ఊరివాడే. అతడు పోయేనాటికి కూతురు హిల్యాకు ఆరేళ్ళు. ఆ పిల్లకు అల్లికలు నేర్పింది సైమా, పెళ్ళిలో జడ వేసింది సైమా. ప్రతి శనివారం ఇద్దరూ కలిసే ఆవిరిస్నానానికి సౌనాకు వెళ్ళేవారు. ఆ వేడి ఆవిరిలో కూర్చుని హిల్యా ఎన్నోసార్లు అంది, "మీ నాన్న చేసినదానికి నువ్వేం చేస్తావు సైమా? నాకు నీ మీద కోపం లేదు, ఆయన మీద ఉంది గానీ." ఆ మాటకు సైమా కాలిన రాళ్ళ మీద ఇంకో చెంబు నీళ్ళు పోసేది.

సెప్టెంబరు చివర్లో వచ్చాడు మెరిట్ సిబ్లీ!

పొడగరి. బూడిదరంగు చేతి తొడుగులు ఎప్పుడూ తీయడు. చరిత్ర పరిశోధకుణ్ణనీ, ఈ సరస్సుల చుట్టూ ఉన్న దీపస్తంభాలన్నీ చూస్తున్నాననీ చెప్పుకున్నాడు. వెంట భార్య నోరీన్. పాలిపోయిన మొహం, ఎక్కడా నిలవని చూపు, పెదవి విప్పదు. ఏ స్తంభం దగ్గరికి తీసుకెళ్ళినా అతడు పైకెక్కే తొందర చూపేవాడు కాదు. గోడకు చెవి ఆనించి, లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు వినేవాడు. నోరీన్ మాత్రం మెట్ల కింద నిలబడి వణికేది.

మూడో రోజు, పాత కోట శిథిలాల్లో, ఉన్నట్టుండి నోరీన్ విరుచుకు పడిపోయింది! కనుగుడ్లు వెనక్కి తిరిగాయి. నోటి నుంచి చల్లని నీళ్ళు ధారగా కారాయి. ఆ కంఠంలోంచి ఒకటి కాదు, రెండు కాదు... పద్నాలుగు మగ గొంతులు! అవన్నీ ఏకమై ఒక పాట కూనిరాగం తీశాయి. ఆ రాత్రి హాల్లో అకార్డియన్ మీద మోగిన పాట అది. సైమా కాళ్ళ కింద నేల కదిలిపోయింది.

సిబ్లీ భార్యను లేవదీయనైనా లేదు. చిరునవ్వు నవ్వాడు. "మిస్ హక్కలా, మీ నాన్నగారు తాగలేదటగా?"

సైమా వెనక్కి తగ్గి రాతిగోడకు ఆనుకుంది.

"భయపడకండి. నేనెవరికీ చెప్పను. ప్రతి దీపస్తంభం కిందా ఒక సిగ్గు పాతిపెట్టి ఉంటుంది. నేను తిరిగేది దానికోసమే." ఇంకా మెల్లగా, పక్కింటి నుంచి చక్కెర అడిగినంత మామూలుగా అడిగాడు. కొర్పీ స్తంభం తాళంచెవి కావాలి. సైమా తల వెంట్రుకలు కొన్ని కావాలి. దీపపాలకుడి కపాలం కావాలి. లేదంటే రేపు పొద్దున్నే హిల్యా ఇంటికి వెళ్ళి కాఫీ తాగి వస్తాను, అన్నాడు.

ఆ దుర్మార్గుడు ఎవడో ఆమెకు అప్పటికి తెలియదు. వాడు క్షుద్రోపాసకుడు! చూడటానికి యాభై ఏళ్ళవాడు, నిజానికి నూరు దాటి ఎన్నేళ్ళో! నీళ్ళలో పోయిన ప్రేతాలను కట్టి, వాటి చేత కొత్త ఓడలను లాగించి, మునిగేవాళ్ళ ఆఖరి ఊపిరిని తన ఆయువులో కలుపుకునేవాడు. ప్రేతాలను కట్టడానికి వాడికి తాడు కావాలి. ఆ మరణాలకు కారణమై, ఆ పాపాన్ని గుండెలో దాచుకు బతుకుతున్న మనిషి సిగ్గే ఆ తాడు!

ఇవేవీ తెలియకపోయినా, తండ్రి ఎముకలు అడుగుతున్నాడని మాత్రం ఆమెకు తెలుసు. తెలిసే ఒప్పుకుంది. నవంబరు దాకా గడువు పెట్టాడు వాడు. ఆ ఏడు వారాల్లో ఏ రోజైనా ఆమె హిల్యా తలుపు తట్టి ఉండవచ్చు. తట్టలేదు.

ఇప్పుడు గోతిలోంచి పార శవపేటిక చెక్కను తాకిన చప్పుడు... ఫెళ్ళున చెక్క విరిగింది. సిబ్లీ మట్టి దులిపి, పచ్చబడ్డ కపాలాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ఆకాశం దద్దరిల్లేలా ఉరిమింది! గుడ్లగూబ రెక్కలు తపతపలాడించి సరస్సు వైపు ఎగిరిపోయింది. కపాలపు కళ్ళగుంటలు తనవైపే తిరిగి ఉన్నాయనిపించి సైమా మొహం పక్కకు తిప్పుకుంది.

స్తంభం శిఖరాన, ఒకప్పుడు పెద్ద దీపపు అద్దాలు నిలిచిన ఇనుప పీఠం మీద కపాలాన్ని ప్రతిష్ఠించాడు వాడు. చుట్టూ బూడిదతో వలయం, వలయం మీద పద్నాలుగు నల్లని కొవ్వొత్తులు. సైమా నెరిసిన జుట్టు పాయను కపాలపు దవడకు మూడు ముడులు వేసి కట్టాడు. నోరీన్‌ను వలయంలో కూలదోశాడు. సైమాను గోడవారగా కూర్చోమన్నాడు, కుక్కను కూర్చోమన్నట్టు. ఆమె కూర్చుంది.

మంత్రోచ్చారణ మొదలైంది... గాలి గడ్డకట్టింది. కిటికీ అద్దాల మీద మంచు పాకింది. ఇప్పటి కాలపు విద్యుద్దీపం బయట ఉక్కుస్తంభం మీద వెలుగుతోంది. అది రెండుసార్లు మిణుకుమని... ఆరిపోయింది! దూరాన పొగమంచులో ఓడ కూత. ఇనుప ఖనిజం మోసుకొచ్చే పెద్ద ఓడ. కింద రాళ్ళ దగ్గర నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలాయి. నీళ్ళలోంచి తెల్లని చేతులు... ఒకటి, మూడు, తొమ్మిది... ఓడ వస్తున్న వైపుగా చాచుకుంటూ!

ఆ ఓడలో హిల్యా కొడుకు వేసా పనిచేస్తున్నాడు. ఆ కూతను బట్టి ఆ సంగతి సైమాకు అప్పుడు తట్టింది.

వలయంలో పడి ఉన్న నోరీన్ కళ్ళు క్షణకాలం మామూలుగా నిలబడ్డాయి. ఇన్నాళ్ళకు ఆమె సొంత గొంతు వినిపించింది. వినీవినపడనట్టు అంది, "చెప్పెయ్యి. ఎవరికి చెప్పాలో వాళ్ళకి నీ నోటితో నువ్వే చెబితే తాడు తెగుతుంది. నా వంతు వచ్చినప్పుడు నేను చెప్పలేకపోయాను. అందుకే ఇలా ఉన్నాను."

మెట్ల మీద అడుగుల చప్పుడు. పరిగెత్తుకొస్తున్న అడుగులు. కొడుకు ఓడ దాటుతున్నప్పుడల్లా ఒడ్డున నిలబడి చెయ్యి ఊపడం హిల్యాకు అలవాటు. దీపం ఆరిపోవడం చూసి పైకొచ్చింది. గుమ్మంలో ఆగి, కొవ్వొత్తులనూ కపాలాన్నీ చూసి నిశ్చేష్టురాలైంది.

"సైమా, ఏంటిది? దీపం ఎందుకారింది? వేసా వస్తున్నాడు!"

సిబ్లీ మంత్రం ఆపకుండానే సైమా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. అలా నోరు మూసుకోవడం ఆమెకు ముప్పై ఏడేళ్ళుగా అలవాటైన పని.

సైమా లేచి నిలబడింది. హిల్యా కళ్ళలోకి చూడబోయింది, చేత కాలేదు. ఆమె కోటు గుండీల వైపు చూస్తూ చెప్పింది.

"మా నాన్న తాగలేదు హిల్యా. ఆయనకి జ్వరం. దీపం నాకప్పగించాడు. నేను డాన్సుకి పోయాను. మీ నాన్నని చంపింది నేను. ఇందాక మా నాన్న గొయ్యి తవ్వుతుంటే లాంతరు పట్టింది కూడా నేనే. నీకు తెలియకుండా ఉంటే చాలనుకున్నాను."

హిల్యా గుమ్మం అంచు పట్టుకుంది.

కపాలపు దవడకు కట్టిన జుట్టు పాయ టప్పున తెగింది!

మంత్రం వాడి నోట్లోనే విరిగింది. కొవ్వొత్తులు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆ చీకట్లో, కపాలపు కళ్ళగుంటల్లోంచి పచ్చని కాంతి... మొదట మిణుగురంత, తర్వాత లాంతరంత, తర్వాత వెయ్యి దీపాల పెట్టున ఎగసి, అద్దాలు దాటి, పొగమంచును చీల్చి సరస్సు మీద పడింది! ఓడ ముందుభాగం వెలుగులోకి వచ్చింది, రాళ్ళకు కూతవేటు దూరంలో. మూడు దీర్ఘమైన కూతలు వేసి, ఆ మహానౌక మెల్లగా, అతి మెల్లగా పక్కకు మళ్ళింది.

అప్పుడు మెట్ల మీద మళ్ళీ అడుగులు. తడి అడుగులు. పద్నాలుగు జతలు...!

సిబ్లీ వెనక్కి వెనక్కి నడిచాడు. నేను మీ ప్రభువును, ఆగండి, అని అరిచాడు. గుమ్మంలో ఎవరూ కనిపించలేదు. నేల మీద నీటి పాదాల జాడలు మాత్రం ఒకదాని పక్కన ఒకటి పడుతూ సైమాను దాటి, హిల్యా ముందు ఒక్క జత క్షణం ఆగి, వాడి చుట్టూ మూసుకున్నాయి. వాడు నోరు తెరిచాడు. కేక రాలేదు. నీళ్ళు వచ్చాయి! వాడి మొహంలోకి దాచుకున్న ఏళ్ళన్నీ ఒక్కుమ్మడిగా వచ్చిపడ్డాయి. సరస్సుకు అంత ఎత్తున, పొడి నేల మీద, గిలగిల కొట్టుకుంటూ వాడు మునిగిపోయాడు.

మర్నాడు వచ్చిన వైద్యుడు ఊపిరితిత్తుల నిండా సరస్సు నీరే ఉందని రాసి, కింద సంతకం పెట్టడానికి చాలాసేపు ఆలోచించాడట.

నోరీన్ రెండు రోజులు నిద్రపోయి లేచింది. చెప్పవలసినవాళ్ళు ఒకరున్నారని, బస్సెక్కి వెళ్ళిపోయింది. కపాలాన్ని సైమా తన చేతులతోనే మళ్ళీ పెట్టెలో పెట్టి మట్టి కప్పింది. సంఘం హాలుకు వెళ్ళి అందరి ముందూ చెప్పింది. వాళ్ళు యాల్మారి పేరును తిరిగి పుస్తకంలో రాశారు. ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఇంత తేలికైన పనికి తండ్రిని అన్నేళ్ళు తాగుబోతుగా ఉంచానా అనుకుని, ఆమె ఇంటికొచ్చి దీపం వెలిగించకుండానే కూర్చుంది.

ఆ చలికాలమంతా హిల్యా ఆమెతో మాట్లాడలేదు. శనివారాల్లో సౌనా పొగగొట్టం నుంచి పొగ వచ్చేది. సైమా కిటికీలోంచి చూసి కర్టెన్ వేసుకునేది.

జూన్‌లో మొదటి యాత్రికులు వచ్చారు. కొర్పీ స్తంభం ముందు నిలబడి సైమా కొత్త కథ మొదలుపెట్టింది. గుంపు వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. హిల్యా! కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, పరాయి ఊరి మనిషిలా వింటోంది. సైమా జ్వరం గురించి చెప్పింది, డాన్సు గురించి చెప్పింది. ఆ రోజు పద్నాలుగు మంది పోయారు, అంది.

"ఆ కేకలు ఎంతసేపు వినిపించాయి?" వెనక నుంచి హిల్యా అడిగింది.

యాత్రికులు తల తిప్పి చూశారు. సైమా చెప్పింది. "దగ్గర దగ్గర అరగంట."

హిల్యా సరస్సు వైపు చూసింది. వెళ్ళిపోతుందనుకుంది సైమా. వెళ్ళలేదు.

"పద్నాలుగు మంది అనకు. పేర్లు చెప్పు. మా నాన్నతో మొదలుపెట్టు."

సైమాకు ఆ పేర్లన్నీ వచ్చు. ఏ రోజూ బయటికి పలకలేదు. ఈసారి హిల్యా మొహంలోకే చూస్తూ చెప్పింది.

"ఉర్హో. వంటవాడు."