నాలుగో షాకబ్జర్

శనివారం మధ్యాహ్నానికే బడి వదిలారు. నీలి వాకిట్లో పాత పేపరు పరిచి, ట్రక్కును దాని మీద పెట్టి స్క్రూలు విప్పుతోంది.

అది రిమోట్‌తో నడిచే ట్రక్కు. కానీ జాతరలో దొరికే బొమ్మ లాంటిది కాదు. రాళ్ల మీద, గుంతల్లో, మట్టి దిబ్బల మీద పరుగెత్తే రేసు ట్రక్కు. నీలి అన్న హరీశ్ హైదరాబాద్‌లో డిప్లొమా చదువుతున్నాడు. కాలేజీలో ఒక సీనియర్ పక్కన పడేసిన బండిని తెచ్చి బాగు చేసుకున్నాడు. దసరా సెలవులకు వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు చెల్లెలి చేతిలో పెట్టాడు.

"నేను మల్ల వచ్చేదాక నువ్వే నడుపు. నువ్వే చూసుకో" అన్నాడు.

నీలి వాళ్లు జూన్‌లో భూపాలపల్లికి వచ్చారు. అంతకు ముందు మరిపెడ దగ్గర తండాలో ఉండేవాళ్లు. అక్కడ వాకిట్లోకి వస్తే చాలు, ఆడుకోవడానికి ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఇక్కడ నాన్న మోతీలాల్ టిప్పర్ నడపడానికి తెల్లవారకముందే వెళ్తాడు. అమ్మ హాస్టల్‌లో వంట చేసి చీకటి పడే వేళకు వస్తుంది. బడి నుంచి వచ్చాక ఇంట్లో నీలి ఒక్కతే.

బడిలో కూడా దాదాపు ఒక్కతే. మొదటి వారంలో ఒకసారి, అమ్మ అనబోయి ఇంట్లో పిలిచినట్టే 'యాడి' అంది. ఆరో తరగతి అంతా నవ్వింది. అప్పటి నుంచి నీలి ఒక్కో మాటా చూసి చూసి మాట్లాడుతోంది. అలా చూసుకునేలోపు ఎదుటివాళ్లు వెళ్లిపోతున్నారు.

ట్రక్కుకు నాలుగు చక్రాల దగ్గర నాలుగు చిన్న షాకబ్జర్లు ఉన్నాయి. వేలెడంత గొట్టం, చుట్టూ స్ప్రింగు, లోపల ఆయిల్. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది. అది మళ్లీ ఒక్కసారిగా ఎగిరి తన్నకుండా లోపలి ఆయిల్ ఆపుతుంది. ఆ ఆయిల్ పాతబడింది. ఇవాళ మార్చాలి.

ఎలా మార్చాలో హరీశ్ చూపించే వెళ్లాడు. ఆయిల్ పోయాలి. లోపలి కడ్డీని మెల్లగా పైకీ కిందికీ ఆడించాలి. బుడగలన్నీ పైకి వచ్చి పోయేదాకా పది నిమిషాలు ఆగాలి. అప్పుడే మూత బిగించాలి.

మూడింటికీ నీలి అలాగే చేసింది. నాలుగో దానిలో ఆయిల్ పోస్తుండగా గేటు దగ్గర ఎవరో దగ్గారు.

సుమ. నీలి తరగతే. రెండిళ్ల అవతల ఉంటుంది.

"గది నీదేనా?" అని అడిగింది సుమ.

"మా అన్నది."

"నిజంగ ఉరుకుతదా?"

భూపాలపల్లి వచ్చాక నీలి గేటు దగ్గరికి ఎవరూ రాలేదు.  ఆలస్యం చేస్తే సుమ వెళ్లిపోతుందేమో అనుకుంది. కడ్డీని రెండుసార్లు ఆడించి, మూత బిగించేసింది. స్ప్రింగు తొడిగి, షాకబ్జర్‌ను ఎడమవైపు వెనక చక్రం దగ్గర పెట్టింది.

"దా, చూపిస్త."

ఇళ్ల వెనక ఖాళీ జాగా ఉంది. ఎవరో ఇల్లు కట్టడానికి పోయించిన మొరం అక్కడే కుప్పలుగా ఉండిపోయింది. నీలి ట్రక్కును కింద పెట్టి, రిమోట్ సుమ చేతికిచ్చింది.

"మొదలు నువ్వే తోలు."

సుమ భయపడుతూనే మీట నొక్కింది. ట్రక్కు దుమ్ము లేపుతూ పరుగెత్తింది. సుమ నవ్వింది. నీలి ట్రక్కును చూడలేదు, సుమ నవ్వునే చూసింది.

అంతలో ట్రక్కు చిన్న కుప్ప ఎక్కింది. దిగేటప్పుడు వెనక భాగం ఎగిరింది. గాలిలో ఒక పల్టీ కొట్టి రాయి మీద పడింది. టక్‌మని చప్పుడైంది.

నీలి పరుగెత్తింది. వెనక చక్రాన్ని బండికి కలిపే ప్లాస్టిక్ ముక్క విరిగిపోయింది.

"నీకు తోలరాదని ముందే చెప్పొచ్చు గదా" అంది నీలి.

"నేను మెల్లగనే..."

"మెల్లగ తోలితే ఎట్ల పడతది? ఇది మా అన్నది. ఇంక నువ్వు రాకు."

 సుమ రిమోట్‌ను కింద పడేయలేదు. మట్టి లేని రాయి ఒకటి చూసి, దాని మీద మెల్లగా పెట్టి వెళ్లిపోయింది.

సోమవారం బడిలో సుమ వేరే బెంచీలో కూర్చుంది. నీలి పక్కన చోటు ఖాళీగానే ఉంది. మధ్యాహ్న భోజనం దగ్గర కూడా నీలి గోడవైపు తిరిగి తిన్నది.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్‌లో హరీశ్ మాట్లాడాడు. విరిగిన సంగతి నీలి చెప్పింది.

"పెట్టెల ఇంకో ముక్క ఉంటది, అదెయ్. ఎవరు పడేసిండ్రు?"

"బడిల పిల్ల. ఆమెకు తోలరాదు."

"ఎంత స్పీడ్ మీదున్నది? ఏ చక్రం ముందు లేచింది?"

"నేను చూడలే."

"చూడకుంటే ఎట్ల తెలుస్తది నీలీ?" అన్నాడు హరీశ్. అంతలో ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేశాడు.

గురువారానికి నీలి కొత్త ముక్క బిగించింది. ఈసారి తనే నడిపింది. మెల్లగా కుప్ప ఎక్కించింది. ట్రక్కు పల్టీ కొట్టింది.

ఇంకా మెల్లగా నడిపింది. మళ్లీ పల్టీ కొట్టింది.

జాగా అంతా నిశ్శబ్దంగా ఉంది. దూరంగా రోడ్డు మీద బొగ్గు లారీలు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. 'ఏ చక్రం ముందు లేచింది?' అన్న ప్రశ్న గుర్తొచ్చింది. కానీ రిమోట్ పట్టుకుని దూరంగా నిలబడితే చక్రం సరిగా కనిపించదు. దగ్గరికెళ్లి చూద్దామంటే నడిపేవాళ్లు లేరు.

నీలి ట్రక్కును మోకాలి ఎత్తుకు లేపి, తిన్నగా నేల మీదికి వదిలింది. మూడు చక్రాల దగ్గర బండి మెత్తగా దిగి ఆగింది. నాలుగో మూల మాత్రం చెంగున పైకి లేచింది.

ఎడమవైపు, వెనక.

నీలి అక్కడే కూర్చుని ఆ షాకబ్జర్ విప్పింది. మూత తీసింది. లోపల ఆయిల్ సగమే ఉంది. మిగిలిందంతా నురగ.

బుడగలు పోకముందే మూత బిగించింది తనే. సుమ నిజంగానే మెల్లగా నడిపింది. సుమ కాదు, ఎవరు నడిపినా ఆ ట్రక్కు పడేదే.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆయిల్ పోసి మూత పెడితే ఇక తెలియబోదు కూడా.

నీలి ఇంటికి వెళ్లి ఆయిల్ నిండా పోసింది. కడ్డీని ఆడించింది. ఈసారి ఆగింది. బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చి పగిలిపోతున్నాయి. అన్నీ పోయాకే మూత బిగించింది.

శుక్రవారం బడిలో గంట కొట్టకముందే సుమ దగ్గరికి వెళ్లింది.

"ట్రక్కు నీ వల్ల పడలే. ఆయిల్ నేనే సక్కగ పొయ్యలే. నీ మీద ఊకెనే ఒర్రిన."

సుమ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నేను ఇరగ్గొట్టిన్నని మా అమ్మకు నేనే చెప్పిన" అంది. "ఎవ్వరి వస్తువు ముట్టద్దని అమ్మ అన్నది. మా పక్కింటి రాకేశ్ సైకిల్ ఇస్తనన్నా తీసుకోనియ్యలే."

 గంట మోగింది.

సాయంత్రం నీలి సంచి ఇంట్లో పెట్టి, తిన్నగా సుమ ఇంటికి వెళ్లింది. సుమ అమ్మ శైలజ జాకెట్లు కుడుతోంది. నీలి గడప దగ్గరే ఆగింది.  తప్పుగా ఏ మాటైనా వస్తే నవ్వుతారేమో అనిపించింది. అయినా చెప్పింది.

"ఆంటీ, సుమ ట్రక్కు ఇరగ్గొట్టలే. నా తప్పు. నేను ఏం చూడకుంటనే ఆమెను అన్న."

శైలజ మిషన్ ఆపింది.

"గిన్ని దినాలాయె. గిప్పుడా చెప్పేది?"

"నిన్ననే తెలిసింది ఆంటీ. ఆ రోజు తెలుసుకోకుంటనే అన్న."

శైలజ లోపలివైపు తిరిగింది. "సుమా, విన్నవా?" అని లోపలికి పిలిచింది. లోపలి నుంచి జవాబు రాలేదు.

"విన్నదిలే బిడ్డా. నువ్వు పో, చీకటైతది."

నీలి ఒక్కతే తిరిగి వచ్చింది. అమ్మ రాగానే ఫోన్ తీసుకుని అన్నకు కూడా నిజం చెప్పింది. హరీశ్ అంతా విన్నాడు. "ఆ పిల్లకు చెప్పినవా?" అని మాత్రం అడిగాడు.

శనివారం సుమ రాలేదు. ఆదివారం పొద్దున కూడా రాలేదు. నీలి ఖాళీ జాగాలో ఒక్కతే ట్రక్కు నడిపింది. ఈసారి అది మెత్తగా దిగింది. అది చూడటానికి పక్కన ఎవరూ లేరు.

సాయంత్రం ఎండ తగ్గాక, మొరం కుప్ప అవతల ఎవరో నిలబడి కనిపించారు.

సుమ.

"చూద్దామని వచ్చిన. అంతే" అంది.

నీలి రిమోట్ చాపింది. సుమ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు. మల్ల పడితే?"

"నువ్వు తోలితేనే నాకు చక్రాలు కనిపిస్తయ్. నేను గక్కడ పండుకొని చూస్త" అంది నీలి.

ఆ మాట నిజమే. సుమ ఇంకాసేపు ఆలోచించి రిమోట్ తీసుకుంది. నీలి కుప్ప పక్కన బోర్లా పడుకుంది. గడ్డానికి మట్టి అంటింది.

ట్రక్కు వచ్చింది. కుప్ప ఎక్కింది. మెత్తగా దిగింది. సుమ ఇంకో రౌండ్ తిప్పింది. ఈసారి పెద్ద కుప్ప వైపు నడిపింది. ట్రక్కు ఎక్కింది. ముందు చక్రాలు నేలకు తగిలి, బండి పక్కకు ఒరిగి దొర్లింది.

 రిమోట్ పట్టుకున్న సుమ చేతులు అలాగే ఉండిపోయాయి.

నీలి సుమ వైపు చూడలేదు. ట్రక్కు దగ్గరికి వెళ్లి, దాన్ని తిప్పి పట్టుకుంది. ఒక్కో చక్రాన్నీ వేలితో నొక్కింది. ముందువైపు రెండూ గట్టిగా ఉన్నాయి. మళ్లీ నొక్కి చూసింది.

"ఇటు రా సుమా" అని పిలిచింది. "ముందు స్ప్రింగులు గట్టిగున్నట్టున్నయ్. నువ్వు గూడ ఒత్తి చూడు."